లాప్‌టాప్‌లోకి లినక్స్ వచ్చిన దారి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్‌లు కావలి నుంచి ముత్తుకూరు దాకా మన తీరంలో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిలో పాతవాటికి ఈ గడప దాటే శక్తి లేదు. వాటిని పాత ఇనుముకు వెయ్యనక్కర్లేదు, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో తెలిస్తే, ఎక్కించేటప్పుడు ఎక్కడ చిక్కుపడుతుందో కూడా తెలుస్తుంది.

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తర్వాత లినక్స్‌గా మారిన తన ప్రయత్నాన్ని ప్రకటించారు. ఆయన రాసింది 386 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్ కోసం. తెలుగు అక్షరాలకు చోటిచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడిందీ అదే ఏడు అక్టోబరులోనే. ఈ రెండూ మన తెరమీద కలవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మన దేశంలో ఇంటర్నెట్ ప్రజలకు అందింది 1995 ఆగస్టు 15న. డయల్‌అప్ మీద వందల ఎంబీలు దించుకోవడం అయ్యే పని కాదు. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీని పాఠకులకు అందించింది. 2004లో ఉబుంటు అనే లినక్స్ రకం వచ్చాక, అడిగినవాళ్లకు సీడీలు ఉచితంగా పోస్టులో పంపింది. 2011 దాకా ఆ ఏర్పాటు నడిచింది. నెట్ అందని ఊళ్లకు అప్పట్లో పోస్ట్‌మ్యానే దిక్కు.

సీడీ చేతికొచ్చినా లాప్‌టాప్ లొంగేది కాదు. లోపలి మోడెమ్‌లు చాలావరకు విండోస్ సాఫ్ట్‌వేర్ మీదే నడిచేవి. వైఫై చిప్‌ల తయారీదారులు కొందరు వాటి గుట్టు విప్పలేదు. విండోస్ డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్‌ ర్యాపర్ అందుకే పుట్టింది. అలాంటి చిప్‌లకు కావలసిన, సోర్స్ కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను మరో లినక్స్ రకం డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చింది 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్‌తోనే. అంతకుముందు డెబియన్ ఎక్కించాక వైఫై కనబడలేదంటే, చాలాసార్లు అది మీ తప్పు కాదు. 2012లో విండోస్ 8తోపాటు సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు వచ్చింది. సంతకం లేని డ్రైవర్‌ను అది ఇప్పటికీ ఆపేస్తుంది.

ఇక తెలుగు. ఒకప్పుడు లినక్స్ తెరమీద ‘స్త్రీ’ అన్న మాట ముక్కలై, వత్తులు విడిపోయి కనిపించేది. అక్షరాలను కూర్చే ప్యాంగో వంటి సాఫ్ట్‌వేర్, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కలిశాక ఆ బాధ తీరింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలున్న లినక్స్‌ను తయారుచేసింది. 2007లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ‘బాస్’ లినక్స్ తెచ్చింది.

ఇప్పుడు మీ వంతు. ముందు ఫైళ్లు మరో డిస్కులో దాచుకోండి. లినక్స్‌ను ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, మూతవేస్తే నిద్రపోయి మళ్లీ లేస్తుందా అన్నవి చూశాకే ఎక్కించండి. వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీతో తగిలించి నెట్ తెచ్చుకోండి. టెర్మినల్‌లో ‘సుడో డీమెసేజ్’ (sudo dmesg) అన్న ఆదేశమిస్తే ఏ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదో పేరుతో సహా చెబుతుంది. పరిష్కారం దొరికాక, లాప్‌టాప్ మోడల్ పేరుతో దాన్ని తెలుగులో రాసి పెట్టండి. ఇన్నాళ్లూ ఎవరో రాసిపెట్టినవే మనకు పనికొచ్చాయి.