సిపాయి ఇంటికొచ్చాక



మా ఆర్.కె.పేట చుట్టుపక్కల పల్లెల్లో మిలట్రీలో పనిచేసిన వాళ్ల ఇంటిని ఇట్టే గుర్తుపట్టవచ్చు. అటక మీద ఇనుప ట్రంకు పెట్టె ఉంటుంది. దాని మీద పేరు, నంబరు తెల్లరంగుతో రాసి ఉంటాయి. ఒకసారి మా బడి పిల్లవాడి తాతగారు అలాంటి పెట్టెలోంచి తన డిశ్చార్జి పుస్తకం తీసుకొని నా దగ్గరికి వచ్చారు. "అయ్యోరా, నా కొడుకు కూడా మిలట్రీలోనే ఉండాడు. వచ్చే ఏడు ఇంటికొస్తాడు. మిలట్రీ వాళ్లకు గవర్నమెంటు ఉద్యోగం ఇస్తారంట గదా! నేనైతే ఎప్పుడూ అడగలేదు" అన్నారు. అడిగే వయసు ఆయనకు ఎన్నడో దాటిపోయింది. ఆయన అడగకుండా వదిలేసిన ఆ హక్కు ఎలా వచ్చిందో ఈ పూట చెప్పుకుందాం.

పటాలం కొలువు తెలుగువారికి కొత్తది కాదు. కంపెనీ సిపాయిలను ఉత్తరాదిన 'తిలంగాలు' అని పిలిచేవారంటే, తొలి రోజుల్లో వారిలో తెలుగువారు ఎందరుండేవారో ఊహించుకోవచ్చు. 19వ శతాబ్దం చివర, కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే వాదం ఇంగ్లీషు సేనాపతులకు తలకెక్కింది. మనవాళ్లను చేర్చుకోవడం తగ్గిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ వాదం మూలబడింది. మద్రాసు రాజధాని నుంచి లక్షల మంది సైన్యంలో చేరారు. దేశం మొత్తం మీద భారత సైన్యం సంఖ్య 25 లక్షలకు చేరింది.

1945లో యుద్ధం ముగిసింది. మరి ఇంతమందికి బతుకుతెరువు? ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం పునరావాసానికీ ఉపాధికీ ఒక డైరెక్టరేటును ఏర్పాటు చేసింది. దాని కింద వెలిసినవే ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు. పదో తరగతి పూర్తికాగానే మన పిల్లలు పేరు నమోదు చేసుకుంటారే, ఆ కార్యాలయం మొదట పుట్టింది సైన్యం విడిచివచ్చిన సిపాయిల కోసం, పని పోయిన యుద్ధ కార్మికుల కోసం. దేశ విభజన తర్వాత కాందిశీకులకూ, 1948లో అందరికీ దాని తలుపులు తెరుచుకున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1962, 1965, 1971 యుద్ధాలు జరిగాయి. 1979లో కేంద్ర ప్రభుత్వం మాజీ సైనికుల పునర్నియామక నియమాలు చేసింది. వాటి ప్రకారం గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం, గ్రూప్ డి ఉద్యోగాల్లో 20 శాతం వారికి కేటాయించారు. సైన్యంలో పనిచేసిన కాలాన్ని వయసులోంచి తీసేసి, ఆపైన మూడేళ్ల సడలింపు ఇచ్చారు. మెట్రిక్ చదివి 15 ఏళ్లు సైన్యంలో పనిచేసిన వ్యక్తి, డిగ్రీ అడిగే గ్రూప్ సి కొలువులకూ అర్హుడే.

"పెన్షను వస్తోంది కదా, మళ్లీ ఉద్యోగం ఎందుకు? మా పిల్లల చోటు పోదా?" అని అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. అయితే సైన్యానికి పడుచువాళ్లు కావాలి కాబట్టి, మామూలు సిపాయిని నలభై దాటకముందే ఇంటికి పంపేస్తారు. తోటివాళ్లు ఉద్యోగంలో పైకెక్కుతున్న వయసులో అతడు మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడాలి. పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్లి, అన్నీ అప్పుడే మీద పడతాయి. దేశం తీసుకున్న ఆ ఏళ్లకు ఇది బాకీ తీర్చడమే కాని దానం కాదు.

మన సరిహద్దు వాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. తిరుత్తణి తాలూకా 1911 నుంచి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. అంటే చిత్తూరు జిల్లావాడిగా పటాలంలో చేరి, చెంగల్పట్టు జిల్లావాడిగా ఇల్లు చేరినవాడు ఉంటాడు. అతడి ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మాజీ సైనికుల వాటా 2 శాతం. తమిళనాడులో గ్రూప్ సి కొలువుల్లో 5 శాతం. వాటా ఇక్కడ ఎక్కువే. కాని 2021 నాటి ఉత్తర్వుతో ఇక్కడి సర్వీస్ కమిషన్ పరీక్షల్లో తమిళ పత్రం తప్పనిసరి అయింది. అందులో 40 శాతం మార్కులు రావాలి. ఇంట్లో తెలుగు, బారకులో హిందీ మాట్లాడినవాడు నలభై ఏళ్ల వయసులో తమిళ పలక పట్టాలి. పట్టక తప్పదు. ముందే మొదలుపెడితే అది కష్టమూ కాదు.

కేటాయించిన ఖాళీలు పూర్తిగా నిండడం లేదని పార్లమెంటు సంఘాలు పలుమార్లు చెప్పాయి. కాగితం మీది శాతం దానంతట అది ఎవరి ఇంటికీ నడిచిరాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరినవారిలో నూటికి 75 మంది నాలుగేళ్లకే తిరిగి వస్తారు. కాబట్టి ఇది తాతల నాటి కథే కాదు, రేపటి కథ కూడా.

ఆనాడు ఆ పెద్దాయనకు ఒకటే చెప్పాను. "తాతా, మీ అబ్బాయి వచ్చేదాకా ఆగొద్దు. పదవీ విరమణకు ఏడాది ముందునుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించమనండి." ఆయన తన డిశ్చార్జి పుస్తకాన్ని తువ్వాలులో జాగ్రత్తగా చుట్టుకుంటూ, "సరే అయ్యోరా, ఈ రాత్రికే ఫోన్ చేస్తా" అన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి ట్రంకు పెట్టె ఉంటే, ఒకసారి కిందికి దించి చూడండి. సెలవు.