గడప మీద రాసిన తేదీ

డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర కారు నడిపితే టైలర్ అనే ఊరు వస్తుంది. గులాబీలకు పేరు. మనవాళ్ళు ఆదివారం పూట పిల్లల్ని వేసుకెళ్ళి, తోటలో ఫొటోలు దిగి, వెంట తెచ్చుకున్న పులిహోర చెట్టు కింద తిని తిరిగొస్తారు. ఆ తోటల్లో పనికోసం, చుట్టుపక్కల ఫౌండ్రీల్లో పనికోసం మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు 1970లలో అక్కడ కాపురం పెట్టాయి. కాగితాల్లేని పిల్లల గురించి అమెరికా ఇప్పటికీ తెంచుకోలేని వాదన ఆ ఊరి బడి గుమ్మంలోనే పెద్దదైంది.

1975లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. చట్టప్రకారం దేశంలోకి రాని పిల్లల చదువుకి రాష్ట్రం డబ్బివ్వదు; ఇష్టం లేకపోతే బడులు వాళ్ళని చేర్చుకోనక్కర్లేదు. టైలర్ బడి బోర్డు రెండేళ్ళు చూసీచూడనట్టు ఊరుకుని, 1977లో అలాంటి ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. కూలికి పోయే ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఇక చదువు మాటెత్తక్కర్లేదు. నాలుగు కుటుంబాలు కోర్టుకెక్కాయి. పేర్లు బయటపడకుండా దావాలో ‘డో’ అని రాయించుకున్నాయి. ఎవరి కంటా పడకూడదని జడ్జి విలియం వేన్ జస్టిస్ విచారణని తెల్లవారుజామున ఆరింటికి పెట్టాడు. ఆ తల్లిదండ్రులు కార్లలో సామాన్లు సర్దుకుని మరీ వచ్చారు. కోర్టులోనే పట్టుకుని సరిహద్దు దాటిస్తే కట్టుబట్టలతో పోవలసివస్తుందని వాళ్ళ భయం.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1982 జూన్ 15న 5-4 తేడాతో పిల్లలే గెలిచారు. తీర్పు రాసిన జస్టిస్ బ్రెనన్ చెప్పిందేమిటంటే, 14వ సవరణ ఇచ్చే సమాన రక్షణ ఈ నేల మీద ఉన్న ఏ మనిషికైనా వర్తిస్తుంది, తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదు. ఆనాటి బడి సూపరింటెండెంట్ పేరుమీద దాన్ని ప్లైలర్ తీర్పు అంటారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే నా క్లాసులో సగం బల్లలు ఖాళీగా ఉండేవి.

నేను ఇర్వింగ్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పుట్టింది తెనాలి. మా బడిలో మెక్సికో, ఎల్ సాల్వడార్, హోండురాస్ కుటుంబాల పిల్లలు ఎక్కువ. ఐటీ కంపెనీలు పెరిగేకొద్దీ తేజలు, శ్రావ్యలు కూడా వచ్చారు. ఎవరికి కాగితాలున్నాయో ఎవరికి లేవో టీచరుకి తెలియదు, అడగకూడదు కూడా. ఆ పద్ధతి ప్లైలర్ తీర్పు పెట్టిన భిక్షే. తెలిసేది పన్నెండో తరగతిలో, కాలేజీ ఆర్థిక సాయం ఫారాలు నింపేటప్పుడు. సోషల్ సెక్యూరిటీ నంబర్ దగ్గర కొందరి పెన్ను ఆగిపోతుంది. తనకి నంబర్ లేదని అప్పుడే, ఆ గడి దగ్గరే, మొదటిసారి తెలుసుకున్న పిల్లల్ని కూడా చూశాను. ప్లైలర్ తీర్పు బడిదాకానే. పట్టా చేతికొచ్చిన మర్నాటి గురించి అందులో ఒక్క మాటా లేదు.

ఆ మర్నాటి సంగతి మొదట పట్టించుకున్నది మళ్ళీ టెక్ససే. 2001లో, రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెరీ సంతకంతో, ఈ పిల్లలు కూడా స్థానికుల ఫీజుతోనే రాష్ట్ర కాలేజీల్లో చదవొచ్చని చట్టం వచ్చింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. ఉభయసభల్లోనూ వ్యతిరేకించినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. దాని కింద పిల్లవాడు ఒక పేజీ ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి: అర్హత రాగానే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుంటానని. ఒక కుర్రాడు నా బల్ల దగ్గర నిలబడి, దాన్ని రెండుసార్లు చదివి, “మిస్, ఆ అర్హత ఎప్పుడొస్తుంది?” అన్నాడు. కాంగ్రెస్ చట్టం చేసినప్పుడు అన్నాను. “ఈ స్ప్రింగ్‌లో చేస్తారా?” అన్నాడు. వాడు వెక్కిరించడం లేదు. డార్మిటరీకి డిపాజిట్ కట్టాలా వద్దా అన్నది వాడి లెక్క.

ఆ చట్టానికి బిల్లు కాంగ్రెస్‌లో నిజంగానే ఉంది. 2001 ఆగస్టు 1న ఇలినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్, యూటా రిపబ్లికన్ ఆరిన్ హాచ్ కలిసి డ్రీమ్ యాక్ట్ ప్రవేశపెట్టారు. చికాగోలో పియానో వాయించే ఒక కొరియన్ కుటుంబపు అమ్మాయికి సంగీత కళాశాలలో సీటు దొరికే వీలుండి, చూపించడానికి కాగితం లేకపోవడం డర్బిన్‌ని కదిలించింది. సెనెట్‌లో విచారణకు సెప్టెంబర్ 12 ఖాయం చేశారు. ముందురోజు న్యూయార్క్‌లో టవర్లు కూలాయి. విచారణ రద్దయింది. ఆ తర్వాత చాలాకాలం వలస గురించి ఎవరు నోరెత్తినా అది భద్రత గురించే.

2007 అక్టోబర్‌లో సెనెట్‌లో డ్రీమ్ యాక్ట్‌కి 52-44. మెజారిటీయే, కాని చర్చ ముగించి ఓటింగుకి పోవాలంటే 60 కావాలి. పిల్లలు అప్పటిదాకా పేరు దాచుకుని సెనెటర్లకి ఉత్తరాలు రాసేవాళ్ళు. 2010లో బయటికొచ్చారు. జనవరి 1న నలుగురు విద్యార్థులు మయామీ నుంచి వాషింగ్టన్‌కి 1,500 మైళ్ళ నడక మొదలుపెట్టారు. మార్చిలో చికాగో వీధిలో, మాకు కాగితాల్లేవు, భయమూ లేదని మైకులో పేరు చెప్పుకున్నారు. మే నెలలో టూసాన్‌లో సెనెటర్ మెకేన్ ఆఫీసులో పట్టా తీసుకునే నల్లగౌన్లు, టోపీలు వేసుకుని నేలమీద కూర్చున్నారు. పోలీసులు ఆ గౌన్లతోనే తీసుకెళ్ళారు. డిసెంబర్ 8న ప్రతినిధుల సభ 216-198తో బిల్లు గెలిపించింది. పదిరోజులకు సెనెట్‌లో 55-41 దగ్గర ఆగిపోయింది. డెమొక్రాట్లే ఐదుగురు వ్యతిరేకంగా వేశారు. ఆ ఐదూ ఇటు పడి ఉంటే సరిగ్గా 60. తొలి బిల్లు తెచ్చిన హాచ్ ఆ రోజు ఓటింగుకే రాలేదు.

వ్యతిరేకించినవాళ్ళంతా రాతిగుండెలవాళ్ళని నేననను. వాళ్ళకి 1986 గుర్తుంది. ఆ ఏడు రేగన్ సంతకంతో, 1982 జనవరి 1కి ముందునుంచీ ఉన్నవాళ్ళకీ, పొలం కూలీలకీ కలిపి దాదాపు 27 లక్షలమందికి చట్టబద్ధత దొరికింది. బదులుగా, కాగితాల్లేనివాళ్ళకి పనిచ్చే యజమానులను శిక్షిస్తామన్నారు. మొదటిది జరిగింది, రెండోది నామమాత్రంగా సాగింది. జనం మళ్ళీ వచ్చారు. ఒకసారి మాఫీ చేస్తే ఇంకోసారి చేస్తారని ఆశపడతారన్న వాదనకి బలం అక్కడిది.

2012 జూన్ 15న, ప్లైలర్ తీర్పుకి సరిగ్గా 30 ఏళ్ళు నిండిన రోజున, ఒబామా శ్వేతసౌధం తోటలో డాకా ప్రకటించాడు. చట్టం కాదు, శాఖాపరమైన ఉత్తర్వు. అప్పట్లో 465 డాలర్లు కట్టి, వేలిముద్రలు ఇచ్చి, పాసైతే రెండేళ్ళపాటు దేశం నుంచి పంపరు, పనిచేసుకోనిస్తారు. గ్రీన్ కార్డుకి దారి లేదు. షరతుల్లో ఎక్కువభాగం తేదీలే: 16 ఏళ్ళు నిండకముందే వచ్చి ఉండాలి, 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉండాలి, ప్రకటన రోజుకి 31 నిండకూడదు, ఆ రోజున దేశంలోనే ఉండాలి.

ఆ ఆగస్టులో మా బడి రికార్డుల గది ముందు పిల్లలు, పూర్వవిద్యార్థులు బారులు తీరారు. ఏ హాజరు పట్టీని వాళ్ళు జన్మలో తలుచుకోకూడదనుకున్నారో, దాని నకలు కోసమే. మొదటి పీరియడ్‌కి ఆలస్యమని నేను వేసిన గుర్తు కూడా ఆ రోజు ఆ పిల్లవాడు ఈ దేశంలో ఉన్నాడనడానికి సాక్ష్యమే. చిక్కల్లా జూన్ 15తో. అప్పటికి వేసవి సెలవులు. టీకా కార్డులు, క్లినిక్ చీటీలు, పేరు అచ్చయిన షాపు రసీదులు, చర్చి పెద్ద రాసిచ్చిన ఉత్తరం, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని తల్లులు వెంట వచ్చారు.

అదే సంవత్సరాల్లో మన తెలుగు విందుల్లో ఒక మాట తరచు వినబడేది: “మనం ఇన్నేళ్ళు లైన్లో నిలబడ్డాం, వాళ్ళు లైన్ తప్పించి దూరారు మేడమ్.” అన్నవాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. 1990 చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000, భార్యాబిడ్డలతో కలిపి. ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. 2025 మధ్యలో కూడా వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-2, ఈబీ-3 వరుసలు 2013 దగ్గరే నిలబడి ఉన్నాయి. కాని బడిలో ఆ మాటకి రెండోవైపు చూశాను. రెండేళ్ళ వయసులో తండ్రి ఉద్యోగ వీసా వెంట హెచ్-4 మీద వచ్చిన శ్రావ్యకి 21 నిండితే తండ్రి వరుసలోంచి జారిపోతుంది. మనవాళ్ళు ‘ఏజ్ అవుట్’ అనేది దాన్నే. ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, లేదా తనకి గుర్తేలేని హైదరాబాద్‌కి వెళ్ళాలి. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం కొన్ని నెలలు తగ్గించి లెక్కకడుతుందే తప్ప పదేళ్ళ వరుసని కరిగించలేదు. ఇక డాకా? 2012 జూన్ 15న చట్టబద్ధమైన హోదా ఉన్నవాళ్ళకి అది వర్తించదు. వరుసలో నిలబడ్డ పాపానికి శ్రావ్య అందులోనూ లేదు. ప్రమాణపత్రం చదివిన ఆ కుర్రాడికి లైనే లేదు. ఈ అమ్మాయికి లైనుంది, చివర లేదు.

ఈ రెండు బాపతుల పిల్లల్నీ ఒకే బిల్లులో కూర్చోబెట్టి ప్రతినిధుల సభ 2021 మార్చి 18న 228-197తో ఆమోదించింది. సెనెట్ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు. డాకా కథ కోర్టుల పాలైంది. 2017 సెప్టెంబర్ 5న అటార్నీ జనరల్ సెషన్స్ దాన్ని ఎత్తేస్తున్నామన్నాడు; అప్పటికి దాని నీడన ఉన్నవాళ్ళు దాదాపు 6,90,000. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు, ఎత్తేసిన పద్ధతి సరిగా లేదని 5-4తో నిలబెట్టింది. 2021 జూలైలో టెక్సస్‌లో ఒక ఫెడరల్ జడ్జి అసలు డాకాయే చట్టవిరుద్ధమని తేల్చాడు. పాత కార్డులు పొడిగిస్తున్నారు, కొత్త దరఖాస్తులకు మంజూరు ఆగిపోయింది. 2025 జూన్ 4న 2001 నాటి టెక్సస్ ఫీజు చట్టం మీద కేంద్రం దావా వేసింది. అదే రోజు రాష్ట్రం తలవంచింది, అదే రోజు జడ్జి చట్టాన్ని కొట్టేశాడు. ప్రమాణపత్రం మీద సంతకాలు 24 ఏళ్ళకి చెల్లని చీటీలయ్యాయి.

లెక్కల టీచరుని కాబట్టి నాకు కనబడేది ఇదే: ఈ దేశం తలుపు తెరిచిన ప్రతిసారీ గడప మీద ఒక తేదీ రాసింది. కాలం నడిచిపోతుంది, తేదీ అక్కడే ఉంటుంది. 2007 జూన్ 15 తర్వాత పుట్టిన బిడ్డ డాకాకి ఎప్పటికీ అర్హుడు కాడు, అలాంటివాళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికే పన్నెండో తరగతి దాటారు. అటు చివర, 2012లో 31కి ఒక్కరోజు తక్కువైనవాడికి 2025లో 44. రెండేళ్ళ కార్డుతో పిల్లల్ని కని, ఇల్లు కొని, జుట్టు నెరిసినవాళ్ళని ఇంకా ‘యువత’ అంటూ చర్చిస్తున్నాం.

తేదీ కదపడం అమెరికాకి చేతకానిదేం కాదు. 1929లో రిజిస్ట్రీ చట్టం చేశారు: 1921 జూన్ 3కి ముందునుంచీ ఇక్కడున్న మంచి నడవడి గలవాడు, రాక కాగితం లేకపోయినా, పేరు నమోదు చేయించుకుని శాశ్వత నివాసి కావచ్చు. ఆనాడు దానివల్ల బాగుపడ్డవాళ్ళలో ఎక్కువమంది యూరప్, కెనడాల నుంచి వచ్చినవాళ్ళే. తేదీ పాతబడ్డప్పుడల్లా కాంగ్రెస్ దాన్ని ముందుకి జరిపింది. 1940లో, 1958లో, 1965లో, చివరికి 1986లో. ఆ చివరిసారి పెట్టిన తేదీ 1972 జనవరి 1. అది నేటికీ చట్టంలోనే ఉంది, నేటికీ 1972 దగ్గరే ఉంది. 2022లో లాఫ్‌గ్రెన్, పడీయా అనే ఇద్దరు కాలిఫోర్నియా సభ్యులు తేదీ బదులు ఏళ్ళు పెడదామన్నారు: ఎప్పుడు వచ్చినా సరే, ఏడేళ్ళు వరుసగా ఉంటే అర్హత. బిల్లు కమిటీ గడప దాటలేదు. అలా చేస్తే సరిహద్దు దగ్గర శాశ్వతంగా స్వాగత తోరణం కట్టినట్టేనని అభ్యంతరం ఉంది. తీసిపారేయాల్సినదేం కాదు. ఏడేళ్ళు చాలకపోతే పదేళ్ళు అనండి, చిన్నప్పుడు వచ్చినవాళ్ళకే అనండి, బడి పూర్తిచేయాలనండి. బేరం ఆడవలసింది ఏళ్ళ మీద.

మన సంఘాలవాళ్ళు హెచ్-4 పిల్లల కోసం కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకి వెళ్తున్నారు, మంచిదే. వెళ్ళినప్పుడు “మా పిల్లలు వాళ్ళలాంటివాళ్ళు కారు” అని మొదలుపెట్టకండి.  ఇద్దరికీ పనికొచ్చేది ఒక్కటే అడగండి: బిడ్డ ఈ నేలమీద గడిపిన ఏళ్ళని లెక్కలోకి తీసుకోమని.