బందరు రైలు, బళ్లారి కరువు

గుడివాడలో పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి కైకలూరు మీదుగా భీమవరం పోతుంది. ఇంకోటి పెడన మీదుగా బందరు చేరి, సముద్రం ఇంకా కాస్త దూరం ఉండగానే ఆగిపోతుంది. ఈ రెండోదాన్ని అందరూ బ్రాంచి లైను అంటారు. కానీ ముందు పుట్టింది అదే. బెజవాడ నుంచి బందరుకి రైలు 1908లో వచ్చింది, భీమవరం వైపు పట్టాలు పడింది 1928లో. వెనకొచ్చింది పెద్దదైపోయింది.

పెడనలో రైలెక్కే చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఆ 1908 లైను మీటర్ గేజ్. అప్పటికే బెజవాడకి నిజాం రైలు 1889లో వచ్చింది, మద్రాసు వైపూ వాల్తేరు వైపూ పట్టాలు పడ్డాయి. అన్నీ 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజే. మరి బందరుకి మాత్రం 1,000 మిల్లీమీటర్ల పట్టాలెందుకు? చౌకగా అయిపోతుందని అనుకోవచ్చు, అదీ కొంత నిజమే. అసలు జవాబు మాత్రం డెల్టాలో లేదు, నాలుగైదు వందల కిలోమీటర్లు పడమరన, నీళ్లు లేని నేల మీద ఉంది.

1876-78లో మద్రాసు రాజధానిని కరువు తుడిచిపెట్టింది. రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. లక్షల మంది పోయారు. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చాక, లాభం రాకపోయినా సరే, కరువు నేలల్లోకి ధాన్యం చేరేసే రైళ్లు వేయాలన్నారు. అలా పుట్టినవాటిలో ఒకటి బళ్లారి-కిష్ణా స్టేట్ రైల్వే. గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, అక్కణ్నుంచి నల్లమల కొండలు దాటి గిద్దలూరు, మార్కాపురం, గుంటూరు, చివరికి కృష్ణ ఒడ్డు. కొండల్లో బొగద సొరంగం తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన ఇనప వంతెన కట్టారు. పడమటి కొస గోవాలోని మార్మగోవా రేవు. అంతా మీటర్ గేజే. పేరే కథ చెప్పేస్తుంది: ఒక చివర కరువు, ఇంకో చివర నది. ఆనకట్ట 1855కల్లా పూర్తయింది కాబట్టి ఈ చివర వరి ఉంది.

బందరు లైను ఆ గొలుసుకి తగిలించిన ఆఖరి లంకె. దాంతో ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా ఒకే గేజ్ అయింది.

రైలు కరువుని ఆపుతుందన్న నమ్మకం గురించి నాకు అనుమానమే. మద్రాసు నుంచి రాయచూరుకి రైలు 1871 నుంచే ఉంది, గుత్తి, గుంతకల్లు, ఆదోనిల మీదుగా. ధాత కరువులో జనం ఆ పట్టాల పక్కనే చచ్చిపోయారు. బస్తాలు స్టేషన్ దాకా వచ్చినా, కొనడానికి జనం చేతిలో డబ్బు ఉండాలి కదా. రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్న చోటికి కాదు, ధర ఉన్న చోటికి మోస్తుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, నెట్‌వర్క్ వేసినంత మాత్రాన డేటా మనకి కావలసిన వైపే పోదు.

ఆవిరి ఇంజను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది బొగ్గు కంటే నీళ్లే ఎక్కువ తాగుతుంది. కిలో బొగ్గు మండితే ఆరేడు కిలోల నీళ్లు ఆవిరైపోతాయి. సీమలో నీళ్లు దొరకడమే కష్టం. డెల్టాలో ఎటు చూసినా నీళ్లే, కానీ బందరు వైపు పోయేకొద్దీ భూమిలో ఉప్పు. ఉప్పునీళ్లు బాయిలర్లో నురగెత్తి, ఆవిరితోపాటు సిలిండర్లోకి పోతాయి. సున్నం ఎక్కువుంటే గొట్టాల మీద పొర కడుతుంది, మన ఇళ్లల్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టినట్టు. ఆ పొర వల్ల వేడి నీళ్లకి అందదు, గొట్టం పాడవుతుంది. అంచేత బావినీళ్లకన్నా కాలవనీళ్లే మేలు. పెడన కలంకారీ వాళ్లకి గుడ్డలు ఉతకడానికీ ఆ పారే మంచినీళ్లే కావాలి. అద్దకానికీ ఇంజనుకీ ఒకటే రుచి!

బందరు మాత్రం ఈ రైలుతో తిరిగి లేవలేదు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో కొట్లు పెట్టిన రేవది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊళ్లోకొచ్చింది, సుమారు ముప్పై వేల మంది పోయారు. రేవు అప్పటికే మేట వేసి ఉంది, పెద్ద ఓడలు దూరంగానే ఆగాల్సి వచ్చేది. 1893లో కృష్ణ మీద వంతెన లేచాక మద్రాసు-కలకత్తా దారి బెజవాడ మీదుగా పోయింది. పదిహేనేళ్ల తర్వాత బందరుకి రైలొచ్చేసరికి సరుకంతా వేరే దారి పట్టేసింది. పైగా గేజ్ తేడా. బందరు బస్తా మద్రాసు వెళ్లాలంటే బెజవాడలో ఒక వ్యాగను లోంచి ఇంకో వ్యాగన్లోకి కూలీలు భుజాల మీద మార్చాలి. ఆ ఖర్చుకి పడవే నయమని కాలవ వైపు చూసినవాళ్లని నేను తప్పుపట్టను.

1960లలో డెల్టా పట్టాల్ని బ్రాడ్ గేజ్‌కి మార్చారు. మంచిపనే. కానీ గుంటూరు-గుంతకల్లు మీటర్ గేజ్‌లోనే 1990ల దాకా ఉండిపోయింది. అంటే సుమారు ముప్పై ఏళ్లపాటు బందరు లైను తన తల్లి లైను నుంచి తెగిపోయింది. దొరబావి వంతెన ఇనుము కూడా గేజ్ మార్పుతో తీసేశారు, రాతి స్తంభాలు మిగిలాయి.

ఇప్పుడు బందరు నుంచి యశ్వంతపూర్‌కి కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది. పెడన, గుడివాడ, బెజవాడ, గుంటూరు, మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల, డోన్ మీదుగా పోతుంది. డోన్ దాకా అది ఇంచుమించు ఆ కరువు దారే. బస్తాల బదులు బెంగుళూరు ఉద్యోగాలకి పోయే నాలాంటి వాళ్లం ఉంటాం, నల్లమల వచ్చేసరికి దాదాపు అందరం నిద్రలో ఉంటాం.