మాట వెనుక కథ: నిల్వ

‘నిలు’ అనే అచ్చ తెలుగు ధాతువు నుంచి పుట్టిన మాట ‘నిల్వ’. వాడేయకుండా నిలిపి ఉంచినదేదైనా నిల్వే: నిల్వ పచ్చడి, ధాన్యం నిల్వ, పద్దుపుస్తకంలో రోజు చివర తేలే నిల్వ. అరబ్బీ మూలమున్న ‘నగదు’తో కలిసి ఈ మాట ‘నగదు నిల్వల నిష్పత్తి’ (సీఆర్ఆర్)గా బ్యాంకుల్లో స్థిరపడింది. బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత శాతాన్ని రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి. దానిపై వడ్డీ రాదు.

2021 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. అంతవరకు బ్యాంకు అప్పు ఎరగని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కొత్తగా ఇచ్చే రుణాన్ని, ఒక్కో సంస్థకు 25 లక్షల రూపాయల వరకు, ఈ నిష్పత్తి కోసం లెక్కించే డిపాజిట్ల మొత్తం నుంచి తీసేయవచ్చంది. నిష్పత్తి 4 శాతమైతే, 20 లక్షల రుణానికి 80 వేలు బ్యాంకు చేతిలోనే ఉండేవి. ఒక్కో రుణానికి మినహాయింపు గరిష్ఠంగా ఏడాదే ఉండేది.

మొత్తం చిన్నదే, కానీ దిశ సరైనది. పాత రుణచరిత్ర లేని వెల్డింగ్ షాపుకు తొలి అప్పే అన్నిటికన్నా కష్టం. నిల్వ డిపాజిటర్లకు రక్షణగా ఉండాలి, తొలి రుణానికి అడ్డుగోడ కాకూడదు.