సీషెల్స్‌లో బహుళపార్టీ ప్రజాస్వామ్య పునరుద్ధరణ

సీషెల్స్ హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా తూర్పు తీరానికి దూరంగా ఉన్న 115 దీవుల దేశం. రాజధాని విక్టోరియా. జనాభా సుమారు ఒక లక్ష. పదిహేనేళ్ళకు పైగా ఏకపార్టీ పాలనలో ఉన్న ఈ దేశం 1993 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా బహుళపార్టీ రాజ్యాంగాన్ని ఆమోదించుకొన్నది.

నేపథ్యం

1976 జూన్ 29న బ్రిటిషు పాలన నుండి సీషెల్స్‌కు స్వాతంత్ర్యం లభించింది. జేమ్స్ మాంచమ్ అధ్యక్షుడు, ఫ్రాన్స్ ఆల్బర్ట్ రెనె ప్రధానమంత్రి అయ్యారు. 1977 జూన్ 5న, మాంచమ్ కామన్వెల్తు సమావేశానికై లండన్‌లో ఉండగా, రెనె మద్దతుదారులు తిరుగుబాటు చేసి అధికారాన్ని హస్తగతం చేసుకొన్నారు. 1979 రాజ్యాంగం సీషెల్స్ ప్రజా ప్రగతి కూటమిని ఏకైక పార్టీగా గుర్తించింది. ఆ తరువాత 1979, 1984, 1989 ఎన్నికలలో రెనె ఒక్కరే అభ్యర్థి.

1981 నవంబరులో మైక్ హోర్ నాయకత్వాన కిరాయి సైనికులు రెనెను కూలదోయడానికి వచ్చి విఫలమయ్యారు. వారిలో అధికభాగం బొంబాయికి రావలసిన ఎయిరిండియా విమానాన్ని దారి మళ్ళించి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు పారిపోయారు.

మొదటి ప్రయత్నం

ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఒత్తిడి పెరగడంతో, 1991 డిసెంబరులో రెనె ఇతర పార్టీలను అనుమతిస్తున్నట్లు ప్రకటించారు. 1992 ఏప్రిల్‌లో మాంచమ్ ప్రవాసం నుండి తిరిగి వచ్చారు. జూలైలో రాజ్యాంగ సంఘానికి ఎన్నికలు జరిగాయి. పాలక పార్టీకి 14, మాంచమ్ నాయకత్వంలోని డెమోక్రటిక్ పార్టీకి 8 స్థానాలు వచ్చాయి. అధ్యక్షునికి మితిమీరిన అధికారాలు ఇస్తున్నారన్న అభ్యంతరంతో డెమోక్రటిక్ పార్టీ సంఘం నుండి వైదొలగింది. నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ముసాయిదాకు 53.7 శాతం ఓట్లు వచ్చాయి. ఆమోదానికి 60 శాతం అవసరం కాబట్టి, మెజారిటీ ఓట్లు వచ్చినా అది వీగిపోయింది.

రెండవ ప్రయత్నం

ఈ నిబంధన వలన పాలక పార్టీ ప్రతిపక్షంతో రాజీ పడక తప్పలేదు. 1993 జనవరిలో సంఘం తిరిగి సమావేశమై, ఉభయ పక్షాలకు సమ్మతమైన కొత్త ముసాయిదాను తయారు చేసింది. ఇరువురు నాయకులూ దానిని బలపరచారు. జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అది 73.9 శాతం ఓట్లతో ఆమోదం పొందింది. జూన్ 18ని రాజ్యాంగ దినంగా జరుపుకొంటారు.

తదనంతర పరిణామాలు

1993 జూలై అధ్యక్ష ఎన్నికలలో రెనె 59.5 శాతం ఓట్లతో గెలిచారు. మాంచమ్‌కు 36.7 శాతం వచ్చాయి. రెనె 2004 వరకు పదవిలో కొనసాగారు. ఎన్నికల ద్వారా ప్రతిపక్షానికి అధ్యక్ష పదవి దక్కడానికి 2020 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది వావెల్ రామ్‌కలావన్ విజయం సాధించారు. 2025 ఎన్నికలలో ఆయన పాట్రిక్ హెర్మినీ చేతిలో ఓడిపోగా, అధికారం మరల ఓటు ద్వారానే చేతులు మారింది.