క్లౌడ్ ఖాతా తెరిచే ముందు: కార్డు, బిల్లు, సాయం

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో బీటెక్, బీసీఏ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు: "అబ్బా, క్లౌడ్ నేర్చుకోవాలి, మీ కార్డు నంబర్ కావాలి." ఇవ్వాలా, వద్దా? కంగారొద్దు. కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు. కార్డు ఇచ్చినా కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు.

క్లౌడ్ అంటే ఏమిటి?
వేరే ఊళ్లో ఉన్న పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే. కరెంటు మీటరులాగా, వాడినంతకే బిల్లు. అమెజాన్ (ఏడబ్ల్యూఎస్), మైక్రోసాఫ్ట్ (అజూర్), గూగుల్ ఇందులో పెద్ద కంపెనీలు. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. కుప్పానికైతే కంప్యూటర్ సేవలు కొత్త కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో సమాచార కేంద్రాలు నడిపింది.

కార్డు లేకుండా
- ఏడబ్ల్యూఎస్ ఎడ్యుకేట్: ఈమెయిల్ ఉంటే చాలు. 13 ఏళ్లు నిండినవాళ్లు చేరొచ్చు. పాఠాలతో పాటు ప్రాక్టీసుకు ల్యాబులూ ఉంటాయి.
- అజూర్ ఫర్ స్టూడెంట్స్: 18 నిండి, కాలేజీ ఈమెయిల్ ఉండాలి. 12 నెలలకు 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు.
- ఎన్‌పీటెల్: ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల క్లౌడ్ కంప్యూటింగ్ పాఠాలు ఉచితం. పరీక్ష రాస్తేనే ఫీజు.

కార్డు ఇచ్చేటప్పుడు
ఏడబ్ల్యూఎస్ 2025 జూలై 15 నుంచి కొత్తవాళ్లకు రెండు ప్లాన్లు పెట్టింది. 'ఫ్రీ ప్లాన్' తీసుకుంటే ఆరు నెలలు, లేదా క్రెడిట్లు అయిపోయేదాకా, ఏది ముందైతే అంతవరకు నడుస్తుంది. మీరే పెయిడ్ ప్లాన్‌కు మారితే తప్ప బిల్లు రాదు. తొందరలో 'పెయిడ్' నొక్కకండి.

పెయిడ్ ఖాతా ఉంటే మొదటి రోజే మూడు పనులు చేయండి:
1. ప్రధాన ఖాతాకు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ (ఎంఎఫ్‌ఏ) పెట్టండి.
2. బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అది హెచ్చరిస్తుందే గానీ ఖర్చును ఆపదు.
3. పనైపోయాక సర్వర్‌ను 'స్టాప్' చేసి వదిలేయకండి. డిస్క్ అద్దె పడుతూనే ఉంటుంది. అవసరం లేకపోతే 'టర్మినేట్' చేసి, మిగిలిన డిస్కులు, ఐపీ అడ్రసులు కూడా తీసేయండి.

సాయం ఎక్కడ?
అనుకోని బిల్లు వస్తే దాచుకోకండి, ఇంట్లో చెప్పండి. ఖాతాలోనే సపోర్ట్ సెంటర్ ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఖాతా, బిల్లు విషయాలకు సాయం అందరికీ ఉచితం. పొరపాటున వాడినట్టు వివరంగా రాసి, బిల్లు తగ్గించమని అడగొచ్చు. తగ్గిస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. టెక్నికల్ సందేహాలను ఉచితంగా రీపోస్ట్‌లో అడగొచ్చు. అడిగేటప్పుడు తప్పు సందేశాన్ని (ఎర్రర్) పూర్తిగా పెట్టండి, కానీ పాస్‌వర్డ్, యాక్సెస్ కీ ఎవరికీ చూపించొద్దు.

గూగుల్‌లో వెతికితే దొరికే 'కస్టమర్ కేర్' నంబర్లను నమ్మకండి. ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అబ్బా, అమ్మీలకు ఒక మాట: కార్డు ఇచ్చే రోజు పిల్లల పక్కన కూర్చోండి. ఏ ప్లాన్ ఎంచుకున్నారో, అలర్ట్ ఎవరి ఈమెయిల్‌కు వస్తుందో చూడండి. ఆ ఈమెయిల్ మీది కూడా అయితే ఇంకా మంచిది.