బొయీథియస్ : ఒక అనువాదకుని సంకల్పము

పాశ్చాత్య రోమక సామ్రాజ్యము క్రీ. శ. 476లో అంతరించినదని చరిత్రకారు లందురు. తదనంతరము కొలది ఏండ్లకు, 480 ప్రాంతమున, ప్రాచీన రోమక కులీనవంశమున బొయీథియస్ జన్మించెను. ఆయన యౌవనము నాటికి గోతుజాతి ప్రభువగు థియోడరిక్ రవెన్నా రాజధానిగా ఇటలీని పాలించుచుండెను. సెనేటు నిలిచియుండెను గాని అధికారము గోతులది. అంతకంటె గాఢమైన క్షీణత విద్యారంగమున కలిగెను. పడమటి దేశములలో గ్రీకుభాష నెరిగినవారు నానాటికి అరుదగుచుండిరి. ప్లేటో, అరిస్టాటిలుల వాఙ్మయమో, దాదాపు సర్వమును ఆ భాషలోనే యుండెను.

ఈ యాపదను గుర్తించి బొయీథియస్ ఒక మహాసంకల్పము చేసెను. అరిస్టాటిల్ గ్రంథములు లభించినన్నియు, ప్లేటో సంవాదము లన్నియు లాటినులోనికి అనువదించి, వ్యాఖ్యానించి, మూలవిషయములందు ఆ యిరువురకును విరోధము లేదని నిరూపింపవలెనని ఆయన తలపు. నెరవేరినది కొంతయే. అరిస్టాటిల్ తర్కగ్రంథములును, వానికి ప్రవేశికగా పోర్ఫిరీ రచించిన చిన్నపుస్తకమును లాటినును చేరినవి. ప్లేటో అనువాద మేదియు కానరాదు. అనువాదమున ఆయన పదానుసరణమునే పాటించెను. శాస్త్రగ్రంథమున కావలసినది శైలీలాలిత్యము కాదు, అర్థము చెడకుండుట యని ఆయన సమాధానము.

రాజకార్యము లాయనను విడువలేదు. 510లో కాన్సల్ పదవి లభించెను. 522లో ఆయన కుమారు లిరువురు నొక్కసారి అదే పదవి నందిరి. ఆయనయు ఆస్థానమున ఉన్నతాధికారి యయ్యెను. అంతలో ఆల్బినస్ అను సెనేటరు కాన్‌స్టాంటినోపిల్ చక్రవర్తితో రహస్యముగా లేఖలు నడపెనని నేరము మోపబడెను. బొయీథియస్ అతని పక్షమున నిలిచెను; రాజద్రోహ మాయన తలపైనను పడెను. చెరపట్టి, 524 ప్రాంతమున వధించిరి.

ఆ చెరలోనే ‘తత్త్వసాంత్వనము’ వెలసెను. ఐదు భాగములు, గద్యము నడుమ 39 పద్యములు. చంపూకావ్యములకు అలవడిన మనకు ఈ రూపము పరాయిది కాదు. విలపించుచున్న బందీ కడకు తత్త్వవిద్య స్త్రీరూపమున వచ్చి, ఆతని దుఃఖమును పెంచుచున్న కవితాదేవతలను తరిమివేయును. కాని కవిత్వమును విడువదు. తన గానముతోనే ఆతనికి చికిత్స చేయును. భాగ్యచక్రము తిరుగుట దాని స్వభావమనియు, పోయిన పదవులును ధనమును ఎన్నడును ఆతనివి కావనియు బోధించును.

తుదిప్రశ్న కఠినమైనది. ఈశ్వరుడు భవిష్యత్తు నంతయు ఎరిగినచో మానవుని స్వాతంత్ర్య మేమగును? ఈశ్వరునకు ముందు వెనుకలు లేవు; సకలకాలమును ఏకకాలమున ఆయన యెదుట నున్నది. నడచుచున్నవానిని మనము చూచినంతమాత్రమున మన చూపు వానిని నడిపింపదు. ఈశ్వరజ్ఞానమును అట్టిదే యని సమాధానము. విధిపురుషకారముల చర్చ నెరిగినవారి కిది ఆలోచింపదగిన తర్కము.

ఈ గ్రంథమున క్రీస్తునామ మెక్కడను లేదు. అందుచే ఆయన క్రైస్తవత్వమును శంకించినవారు కలరు. కాని త్రిత్వమును గూర్చి ఆయన వ్రాసినట్లు సమకాలికుడగు కాసియొడోరస్ సాక్ష్యము 1877లో వెలుగుచూచెను. మృత్యుముఖమునను ఆయన బుద్ధిమార్గమునే చేపట్టె ననుట సమంజసము.

12వ శతాబ్దము వరకు పడమటి పండితులకు అరిస్టాటిల్ అన్న ముఖ్యముగా బొయీథియస్ లాటినులోనికి తెచ్చిన తర్కమే. పోర్ఫిరీపై ఆయన వ్యాఖ్యయే సామాన్యముల సత్తను గూర్చిన మధ్యయుగ వివాదమునకు బీజము. ‘సాంత్వనము’ను జర్మనులోనికి నోట్కర్, ఫ్రెంచిలోనికి జాన్ ద మెన్, ఆంగ్లమునకు చాసర్, 1593లో ఎలిజబెత్ రాణి అనువదించిరి. పరుల గ్రంథములను తన భాషకు తేదలచినవాని గ్రంథమును పెక్కు భాషలవారు తమదిగా చేసికొనిరి.

ప్లేటో మాత్రము వేచియుండవలసి వచ్చెను. ఆయన సంవాదములు సమగ్రముగా లాటినున అచ్చుపడినది 1484లో, ఫిచీనో అనువాదముగా. బొయీథియస్ మరణించి అప్పటికి తొమ్మిదివందల ఏండ్లు దాటెను.